ఓడలో బాల్కనీ గదికి వేలం పాట పెట్టేశాం, ఉంచాలా? తీసేయాలా?

ప్రశ్న: మాది గుంటూరు, లక్ష్మీపురం. సంక్రాంతి సెలవుల్లో సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్‌కి వెళ్తున్నాం. సింగపూర్‌లో ఎక్కి, పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్ళీ సింగపూర్‌లో దిగుతాం. మావారు, నేను, పదిహేడేళ్ళ పాప, పన్నెండేళ్ళ బాబు, మా అత్తగారు. ఆవిడకి డెబ్బై ఒకటి, మోకాళ్ళ నొప్పులు. విజయవాడలో ఒక ఏజెంటు ద్వారా కిటికీ లేని లోపలి గదులు రెండు తీసుకున్నాం. ఆరో డెక్కులో, ఓడ మధ్యలో, లిఫ్టు దగ్గర, పక్కపక్కన. ఒకదాంట్లో మేం ముగ్గురం, రెండోదాంట్లో అత్తగారు, పాప. డబ్బంతా కట్టేశాం.

పోయిన వారం కంపెనీ నుంచి రెండు బుకింగులకీ విడివిడిగా మెయిల్ వచ్చింది. బాల్కనీ గదికి మారాలంటే మీరెంత ఇస్తారో చెప్పండి అని. 60 డాలర్ల నుంచి మొదలు. పెంచేకొద్దీ, గది దొరికే అవకాశం ఎంతుందో చూపే ముల్లు ఎరుపు నుంచి పచ్చకి జరుగుతోంది. మావారు వద్దంటుండగానే మా బాబు మా గదికి 110 దగ్గర పెట్టి నొక్కేశాడు. అత్తగారి గదికి ఇంకా పెట్టలేదు. బుక్ చేసిన రోజు బాల్కనీకి మనిషికి 14 వేలు ఎక్కువ చెప్పారు, ఇప్పుడు గదికి పదివేల్లో వస్తోందంటే మంచి బేరమే కదా అని నాకూ ఆశగా ఉంది. పోయినేడు మా తోడికోడలు వాళ్ళు బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతున్న ఫొటోలు పెట్టారు. మేం లోపలి గది తీసుకున్నామని తెలిసి "అయ్యో, కిటికీ కూడా ఉండదా?" అంది. మా అన్నయ్యేమో "డబ్బు పెట్టకండి, చివర్లో వాళ్ళే ఊరికే ఇస్తారు" అంటాడు. మావారిది మిర్చి వ్యాపారం, ఆయనకి యార్డు సీజన్ టెన్షన్ మొదలయ్యేలోపు ఈ నాలుగు రోజులైనా హాయిగా గడపాలని నా కోరిక. బాబు పెట్టిన పాట ఉంచాలా, తీసేయాలా? అత్తగారి గదికి కూడా పెట్టాలా?

– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు లెక్క ఒకటి సరిచేద్దాం. 110 డాలర్లు గదికి కాదు, మనిషికి. ఇలాంటి మెయిళ్ళలో ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది. గదిలో మొదటి ఇద్దరికీ ఆ మొత్తం పడుతుంది, మూడో మనిషికి మామూలుగా విడిగా వేయరు. అంటే 220 డాలర్లు. డాలర్‌ని 90 రూపాయలు అనుకుంటే 19,800. విదేశీ కరెన్సీలో వాడినందుకు చాలా క్రెడిట్ కార్డులు 2 నుంచి 3.5 శాతం వరకు తీసుకుంటాయి, దాని మీద మళ్ళీ జీఎస్టీ. ఎక్కువ రేటు పడితే అన్నీ కలిపి 20,600 దాటుతుంది. అత్తగారి గదికి కూడా ఇంతే పెడితే మొత్తం 41 వేల పైమాట. మీరు పదివేలు అనుకున్నదాని అసలు సంగతి ఇదీ.

అలాగని మోసమేమీ కాదు. మనిషికి 14 వేలు చెప్పిన గది మనిషికి పదివేల మూడొందలకి వస్తోందంటే తగ్గినట్టే. కానీ మీరు తూచాల్సింది ఆ 14 వేలని కాదు. అది ఎప్పుడో బుక్ చేసిన నాటి ధర. ఓడ బయల్దేరేముందు గదుల ధర పెరగనూవచ్చు, పడనూవచ్చు. ఇవాళ అదే ఓడలో బాల్కనీ గదికి ఎంత తేడా నడుస్తోందో తెలియకుండా ఇది లాభమో నష్టమో చెప్పలేం. ఇవాళ్టి తేడా మనిషికి 11 వేలే ఉంటే, ఏడొందలు మిగుల్చుకోవడానికి మీరు గుడ్డిగా పాట పాడుతున్నట్టు.

గుడ్డిగా అని ఎందుకన్నానంటే, మీవారిని ఒక మాట అడగండి. గుంటూరు మిర్చి యార్డులో మచ్చు, అంటే నమూనా సరుకు, చూడకుండా లాటుకి ధర వేసిన వ్యాపారి ఎవరైనా ఉన్నారా? టిక్కీ బస్తా విప్పి, గుప్పెడు కాయలు అరచేతిలో పోసుకుని, తొడిమ చూసి, తేమ చూసి, తాలు ఎంతుందో చూసి, అప్పుడు కదా నోరు విప్పేది. ఈ పాటలో మచ్చు లేదు. "బాల్కనీ" అన్న పేరు ఒక్కటే ఉంది. ఏ డెక్కు, ముందు కొసా వెనక కొసా, లిఫ్టుకి ఎంత దూరం, నెత్తి మీద ఏముంది, కాళ్ళ కింద ఏముంది, ఏదీ చెప్పరు. గది నంబరు వాళ్ళిష్టం. పాట ఖాయమైన నిమిషంలో కార్డు మీద డబ్బు పోతుంది, మీ పాత గది చేజారిపోతుంది. నచ్చలేదంటే వెనక్కి ఇచ్చేది లేదు. గదినే కాదు, డబ్బు కూడా.

నేను గవర్నర్‌పేటలో టికెట్ల వ్యాపారం చేసే రోజుల్లో ఇలాంటి అప్‌గ్రేడ్ ఒకటి సంబరంగా తీసుకున్నాను. కంపెనీ పేరు ఎందుకులెండి. మాదీ మధ్యలో ఉన్న మంచి గది. పై డెక్కులో పెద్ద గది ఇస్తామంటే ఎగిరి గంతేసి మారాం. మొదటి రోజు తెల్లవారుజామున ఐదున్నరకి నెత్తి మీద కర్ర్‌మని చప్పుడు. కాసేపు ఆగి ఇంకోటి. తర్వాత వరసగా. మా ఆవిడ లేచి కూర్చుని "పై పోర్షన్ వాళ్ళు ఇక్కడికి కూడా వచ్చారేంటండీ" అంది. సంగతేమిటంటే మా గదికి సరిగ్గా పైన ఈతకొలను డెక్కు. పనివాళ్ళు తెల్లారకముందే నేల కడిగి, పడక కుర్చీలు ఈడ్చుకుంటూ వరసలు సర్దుతున్నారు. నాలుగు రోజులూ అదే మేలుకొలుపు. రిసెప్షన్‌కి వెళ్తే ఓడ నిండిపోయిందన్నారు. ఓడలో గదికి ఇద్దరు చొప్పున లెక్క వేస్తారు, మూడో మనిషి, నాలుగో మనిషి చేరేసరికి వాళ్ళ కాగితాల్లో నిండుదనం 100 శాతం దాటిపోతుంది. ఇంక ఖాళీ ఎక్కడ?

గది కింద నాటకశాలో, డాన్స్ క్లబ్బో ఉంటే రాత్రి ఒంటిగంట దాకా దడదడ. ముందు కొసన ఉంటే తెల్లవారుజామున రేవుకి చేరేటప్పుడు లంగరు గొలుసు మోత. లైఫ్‌బోట్లు వేలాడే డెక్కు మీద కొన్ని గదులకి బాల్కనీ ఉంటుంది కానీ ఎదురుగా సముద్రం బదులు పడవ వీపు కనబడుతుంది. కంపెనీలు వీటిని అడ్డు ఉన్న గదులని విడిగా రాస్తాయి, మెయిల్లో ఆ మాట ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు మీ చేతిలో ఏముందో చూడండి. ఆరో డెక్కు, ఓడ మధ్య, లిఫ్టు దగ్గర, రెండు గదులూ పక్కపక్కన. మీ ఏజెంటు ఎవరో గానీ తెలిసి చేశాడు. ఓడ ఊగేటప్పుడు ఉయ్యాల బల్లని గుర్తు తెచ్చుకోండి. కొసలు లేస్తాయి, పడతాయి, నడుమ మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఎత్తుకి వెళ్ళేకొద్దీ పక్కలకి ఊగడం కూడా ఎక్కువ తెలుస్తుంది. అందుకే పెద్దవాళ్ళున్న కుటుంబానికి కింది డెక్కు, మధ్య భాగం అడుగుతాం. జనవరిలో మలక్కా జలసంధి, ఫుకెట్ వైపు సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటాయి కాబట్టి ఊగుడు గురించి మరీ బెంగ పెట్టుకోనక్కర్లేదు. నా భయం ఊగుడు గురించి కాదు, నడక గురించి. ఈ ఓడల పొడవు మూడొందల మీటర్లు దాటడం మామూలే. వెనక కొసన గది పడితే లిఫ్టు నుంచి గది దాకా ఒకే రకం కార్పెట్, ఒకే రకం తలుపులు, అలా నడుస్తూనే ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి భోజనానికి ఒకసారి, షోకి ఒకసారి, కళ్ళజోడు మర్చిపోయి ఒకసారి ఆ వరండా పట్టుకుని నడవాలి. రెండో రోజుకి "మీరెళ్ళి రండమ్మా, నాకేదైనా పంపించండి" అంటారు. అక్కడితో ఆవిడ ట్రిప్పు అయిపోయినట్టే.

రెండు బుకింగులు వేరువేరు కాబట్టి రెండు పాటలూ వేరువేరు. ఒకటి తగిలి ఇంకోటి తగలకపోవచ్చు. ఒక్క మీ గదికే తగిలిందనుకుందాం. మీరు ముగ్గురూ పదో డెక్కులో ఒక కొసన, అత్తగారూ పాపా ఆరో డెక్కులో. ఓడలో గది నుంచి గదికి ఫోన్ ఉంటుంది, నిజమే. కానీ రాత్రి రెండింటికి నాయనమ్మకి కాలు పట్టేస్తే, పదిహేడేళ్ళ పిల్ల గోడ తట్టి "అమ్మా" అని పిలవడం వేరు, ఫోన్ చేసి మీరు లిఫ్టు ఎక్కి వచ్చేదాకా కూర్చోవడం వేరు. పోనీ రెండూ తగిలాయనుకుందాం, అప్పుడు కూడా పక్కపక్కనే ఇస్తామని ఎవరూ రాసివ్వరు. రైల్లో స్లీపర్ టికెట్టుకి ఆటో అప్‌గ్రేడ్ గడి టిక్కు పెడితే థర్డ్ ఏసీ రావచ్చు, కానీ మనం ఏరుకున్న కింది బెర్తే అక్కడ కూడా రావాలని లేదు. ఇదీ అంతే. పైగా అక్కడ డబ్బు అడగరు.

కాబట్టి నా మాట: అత్తగారి గదికి పాట పెట్టొద్దు. బాబు పెట్టిన పాట ఇవాళే తీసేయండి. ఖాయం చేసేదాకా అదే మెయిల్లోని లింకులోకి వెళ్ళి మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. ఖాయం చేయడానికి వాళ్ళకి గడువు కూడా చాలా ఉంటుంది, కొన్ని కంపెనీలు ఓడ బయల్దేరే రెండు రోజుల ముందు దాకా చేస్తాయి. అప్పటికి మీరు సూట్‌కేసులు కట్టుకుని, గది నంబరుతో సామాను ట్యాగులు ప్రింటు తీసుకుని ఉంటారు. రేవులో సామాను అప్పజెప్తే ఆ ట్యాగు మీదున్న గదికే చేరుస్తారు. నంబరు మారిందన్న మెయిల్ చూసుకోకపోతే మీ చీరలు ఎవరి తలుపు ముందో దర్శనమిస్తాయి. మా కస్టమర్ ఒకాయన పెట్టె అలాగే వేరే డెక్కుకి వెళ్ళింది. అందులో గోంగూర పచ్చడి సీసా ఉంది, మూత వదులైంది. మిగతాది మీరు ఊహించుకోండి. ఇంట్లో చేసిన తిండి చాలా ఓడల్లోకి రానివ్వరు కూడా, ఆయనకి చెప్పినా వినలేదు.

మరి బాల్కనీ ఆశ చంపుకోవాలా అంటే, అక్కర్లేదు. పాట కాకుండా ఇంకో దారి ఉంది, అది చాలామందికి తోచదు. రేపు ఏజెంటుకి ఫోన్ చేసి ఇలా అడగండి: "మాకు ఒక్క బాల్కనీ గది, దానికి సరిగ్గా ఎదురుగా, వరండాకి అవతలి వైపు ఒక లోపలి గది కావాలి. ఓడ మధ్యలో. ఇవాళ్టి తేడా ఎంత?" చాలా డెక్కుల్లో ఓడ బయటి వైపు బాల్కనీలు, వరండా దాటితే లోపలి గదులు ఉంటాయి. ఎదురెదురు తలుపులు, నాలుగడుగుల దూరం. ఒక గదికే తేడా కడతారు, బాల్కనీ మాత్రం ఐదుగురిదీ. పొద్దున్నే అత్తగారు చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ అడుగు తీసి అడుగు వేస్తే సముద్రం ముందుంటారు. రాత్రి పడుకునేది మాత్రం చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే గదిలో. ఏజెంటు నంబర్లు చెప్పగానే సరేననకండి. కంపెనీ వెబ్‌సైటులో ఆ ఓడ డెక్కు ప్లాన్లు ఎవరైనా చూడొచ్చు. గది నంబరులో మొదటి ఒకటి రెండు అంకెలు డెక్కు. ఆ డెక్కు బొమ్మ తీసి, పైదీ కిందదీ కూడా తీసి, మీ గది మీదా కిందా ఏమున్నాయో చూడండి. మీదా కిందా పడకగదులే ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు. ఈ పని బాబుకి అప్పగిస్తే పది నిమిషాల్లో చేస్తాడు, ముల్లు జరిపినంత హుషారుగా.

అలా దొరికితే, తేడా పాతికవేలు దాటకుండా ఉంటే, నేనైతే కట్టేస్తాను. పాటకన్నా నాలుగైదు వేలు ఎక్కువైనా సరే, ఎందుకంటే అక్కడ మచ్చు చూసి కొంటున్నారు. దొరకకపోతే ఉన్న గదులు బంగారం, కదలకండి.

ఇంతకీ ఆ బాల్కనీలో ఎంతసేపు కూర్చుంటారు? నేను లెక్క వేసి చూశాను. మొదటి రోజు మధ్యాహ్నం ఎక్కుతారు, భోజనం, భద్రతా కసరత్తు, ఓడంతా తిరగడం, సాయంత్రం కదిలేటప్పుడు ఓ గంట. పెనాంగ్ రోజు, ఫుకెట్ రోజు పగలు ఊళ్ళోనే. మిగిలిన రోజు పిల్లలు ఈతకొలనులో, మీరు వాళ్ళ తువ్వాళ్ళకి కాపలా. నాలుగు రాత్రులకి గట్టిగా కూర్చుంటే ఏడెనిమిది గంటలు. 20,600 పెడితే గంటకి రెండున్నర వేల పైమాటే. పగటి పూట ఉక్క సంగతి గుంటూరు వాళ్ళకి నేను చెప్పాలా? సింగపూర్ భూమధ్యరేఖకి ఒకటిన్నర డిగ్రీ దూరం కూడా లేదు. జనవరిలో అక్కడ వానలు కూడా. బాల్కనీ తలుపు తీసి ఉంచితే గదిలో చల్లదనం పోతుంది, మూసేస్తే అద్దంలోంచి చూడటమే. పక్క బాల్కనీకీ మీకూ మధ్య ఉండేది ఒక పలక. అవతలాయన స్పీకర్ పెట్టి బావమరిదితో వాటాల గురించి మాట్లాడుతుంటే మీరూ వినాల్సిందే.

ఏడు రాత్రులో పది రాత్రులో ఉండే ప్రయాణమైతే, వరసగా సముద్రం మీదే గడిచే రోజులుంటే ఈ లెక్క మారిపోతుంది. అప్పుడు బాల్కనీ నిజంగా ఇల్లంత అవుతుంది. భార్యాభర్తలిద్దరే వెళ్తూ, ఏ డెక్కయినా పర్వాలేదు అనుకునేవాళ్ళయితే ఈ పాట పెట్టమనే చెప్తాను, అది కూడా కనీస ధరకి పది ఇరవై డాలర్లు పైన. తగిలితే తగిలింది, లేకపోతే ఉన్న గది ఉంది. ఆ ముల్లు పచ్చలోకి వెళ్ళేదాకా జరపొద్దు. ముల్లు గీసింది అమ్మేవాడు. సూట్ గదికి పాట పెట్టేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి, కొన్ని ఓడల్లో సూట్ వాళ్ళకి రోజువారీ టిప్పుల రేటు కూడా ఎక్కువ.

ఓడ కంపెనీలు ఎందుకింత మర్యాదగా పిలిచి బాల్కనీ ఇస్తామంటాయో కూడా చెప్తాను. 2022 జూన్‌లో విశాఖ నుంచి ఎంప్రెస్ ఓడ బయల్దేరింది గుర్తుందా? ఆ ఓడ కట్టింది 1990లో. ఆ కాలపు ఓడల్లో బాల్కనీ గదులు బాగా తక్కువ, లోపలి గదులూ గుండ్రటి కిటికీ గదులే ఎక్కువ. తర్వాత కట్టిన పెద్ద ఓడల్లో తిరగబడింది. బాల్కనీలే ఎక్కువ, లోపలి గదులు తక్కువ. చవక గదులు ముందే అమ్ముడుపోతాయి, చివరికి బాల్కనీలు మిగులుతాయి. ఖాళీ బాల్కనీని సగం ధరకి బహిరంగంగా అమ్మితే పూర్తి ధర కట్టినవాళ్ళు ఊరుకోరు. అందుకని మిమ్మల్ని చాటుగా అడుగుతారు. మీరు పైకి జరిగితే వాళ్ళకి మీ డబ్బూ వస్తుంది, ఖాళీ అయిన మీ లోపలి గది ఆఖరి నిమిషంలో ఇంకొకరికి అమ్ముడుపోతుంది. వ్యాపారం అంటే అదే, తప్పు పట్టను. కానీ మీ ఆరో డెక్కు గదికి గిరాకీ ఉందన్న సంగతి మీరు గుర్తుపెట్టుకోండి.

మీ అన్నయ్యగారి మాట సగం నిజం. ఊరికే పై గది దొరికేవాళ్ళు ఉంటారు. వాళ్ళు నంబరు ఎంచుకోకుండా, ఏ గదైనా సరే అని తక్కువకి బుక్ చేసుకున్నవాళ్ళు. దాన్ని గ్యారంటీ గది అంటారు. వాళ్ళని ఎక్కడైనా సర్దొచ్చు కాబట్టి కొన్నిసార్లు పైకి సర్దుతారు. మీరు నంబరు చూసి తీసుకున్నారు, మీకు ఆ అదృష్టం తక్కువ, అది మంచిదే కూడా. ఏజెంటుకి ఫోన్ చేసినప్పుడు రెండు బుకింగుల మీదా "గది మార్చొద్దు" అని రాయించండి. అలా గుర్తు పెట్టే వీలు వాళ్ళకి ఉంటుంది.

కార్డు గురించి ఒక్క మాట, ఓడలో ఖర్చుకి ఎలాగూ పనికొస్తుంది. 2020లో వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనం ఆన్ చేసుకుంటేనే పనిచేస్తాయి. మీవారి కార్డులో ఆన్ చేసి ఉందో లేదో, పరిమితి ఎంత పెట్టారో బయల్దేరేముందు యాప్‌లో చూడమనండి.

ఇక మీరు ఉత్తరంలో నెమ్మదిగా జారవిడిచిన సంగతి. అత్తగారి మోకాళ్ళ గురించి రెండు మాటలు రాశారు, తోడికోడలి కాఫీ ఫొటో గురించి రెండు వాక్యాలు రాశారు. తప్పేం కాదమ్మా. "అయ్యో, కిటికీ కూడా ఉండదా" అన్న ఆ "అయ్యో" ఎక్కడ గుచ్చుకుంటుందో పెళ్ళయిన ఇంట్లో ఎవరికి తెలియదు? అయితే ఆ ఫొటో ఓడలో ఎక్కడైనా తీసుకోవచ్చు. భోజనం అందరికీ అదే హాల్లో, షో అదే నాటకశాలలో, పై డెక్కు రెయిలింగు అందరిదీ. మొదటి సాయంత్రం ఓడ కదిలేటప్పుడు ఐదుగురూ పై డెక్కుకి వెళ్ళండి. సింగపూర్ వదిలేటప్పుడు చుట్టూ వందల కొద్దీ సరుకు ఓడలు లంగరేసి ఉంటాయి. చీకటి పడేకొద్దీ ఒక్కోదాంట్లో దీపాలు వెలుగుతాయి. కృష్ణా పుష్కరాలప్పుడు ప్రకాశం బ్యారేజి మీంచి ఘాట్ల వైపు చూస్తే ఎలా ఉండేదో, అలా సముద్రం మీద. బాల్కనీలో కూర్చున్నవాళ్ళకి ఒక పక్కే కనబడుతుంది. మీకు రెండు పక్కలా.

లోపలి గదికి అలవాటు పడటానికి కొన్ని చిట్కాలు. లైటు తీసేస్తే చెయ్యి చూసుకోలేనంత చీకటి, మొదటి రాత్రి అత్తగారు కంగారు పడతారు. బాత్రూం లైటు వేసి తలుపు వేలెడు తీసి ఉంచండి. చాలా ఓడల్లో ఓడ ముందున్న కెమెరా టీవీలో ఒక చానెల్‌గా వస్తుంది, మాట తగ్గించి అది పెట్టుకుంటే బెడ్‌ల్యాంపూ అవుతుంది, తెల్లారిందో లేదో కూడా తెలుస్తుంది. బాత్రూం గడప కాస్త ఎత్తుగా ఉంటుంది, ఆవిడకి ముందే చూపించండి. మంచాలు కలిపి ఉంటే విడదీయమని గది సర్దే అబ్బాయికి చెప్తే చాలు. వాంతుల మాత్ర ముందు జాగ్రత్తగా వేద్దామనుకుంటే ఆవిడ వాడే మందుల చీటీ డాక్టరుకి చూపించి అడగండి, కొన్ని మాత్రలు మగత తెప్పిస్తాయి, ఆ మగతలో గడప తగిలితే కష్టం.

మీవారు హాయిగా ఉండాలన్నారు. ఓడ రేవు దాటి ఫోన్‌కి సిగ్నల్ పోయే గంట చూసుకోండి, యార్డు నుంచి ఎవరూ పిలవలేరు. వైఫై ప్యాకేజీ మాత్రం కొనొద్దు, కనీసం ఆయన పేరు మీద.

ఆ పాట పెట్టింది బాబు కదా, తీసేసే పని కూడా వాడితోనే చేయించండి. రద్దయినట్టు మెయిల్ వచ్చేదాకా పక్కనే నిలబడండి, లేకపోతే ఇంకో పది డాలర్లు పెంచి పచ్చలో పెట్టొస్తాడు.